కంప్యూటర్ కబుర్లు: యాభై రెండవ స్లిప్పు

మన సంస్థ సోదర సోదరీమణులు కొందరు ఈ శీర్షికకు వ్రాసే ఉత్తరాలలో ఒక ప్రశ్న పదే పదే కనిపిస్తున్నది. ఒక ప్రోగ్రాములో లోపం బయటపడినప్పుడు దాని కర్తలు విరుగుడుగా "ప్యాచ్" ఒకటి విడుదల చేస్తారు గదా, దానిని మన యంత్రంలోని పాత ప్యాకేజీకి చేర్చుకొనడం ఎట్లా? అసలు అంత శ్రమ ఎందుకు, ప్రోగ్రామును ఏకంగా కొత్తది వేసికొనరాదా? పుస్తకం చూచి జవాబు చెప్పడం కంటె, 2014వ సంవత్సరంలో సాలువాలోని చిన్న కార్యాలయంలో మాకు అనుభవమైనది చెప్పడమే మేలని తోచినది. అందులో మా పొరపాటు కూడ ఒకటున్నది. దానిని దాచదలచుకొనలేదు.

సాలువా ఎక్కడున్నదని అడిగే పాఠకులుండవచ్చును. ఖరగ్‌పూర్ రైల్వే పట్టణానికి ఆనుకొని, ఎర్రమట్టి నేల మీద ఉన్న ఊరు. ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ దళం వారి స్థావరం, వాయుసేన కేంద్రం అక్కడ ఉన్నవి. వీధిలో నేపాలీ, బజారులో బెంగాలీ, హిందీ వినిపిస్తాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపుల నుండి ఉద్యోగాలకై తరలివచ్చిన మన తెలుగువారి కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో వేలకొలది ఉన్నవి. మథురాకాటి, నింపురా కాలనీలలో తెలుగు వినబడని వీధి అరుదు. ఉద్యోగ విరమణ తరువాత ఆ కుటుంబాలలో కొందరు సాలువా దారిలో ఇల్లు కట్టుకొన్నారు. మా ఎదురింటి పెద్దాయన అట్టివారే. గూడ్సు గార్డుగా పనిచేసి విరమించినారు. 2022లో రైల్వేవారు గార్డు అనే పేరు తీసివేసి ట్రెయిన్ మేనేజర్ అని పెట్టినారు గాని, ఆయన నేటికీ తనను గార్డనే చెప్పుకొంటారు. మేము ఆయనను బాబాయిగారని పిలుస్తాము.

కార్యాలయంలో ఒక పాత యంత్రం ఉండేది. విరమించిన ఉద్యోగుల వైద్య బిల్లుల నమోదు, స్టోర్సు ఇండెంట్లు, పండుగ అడ్వాన్సు జాబితాలు, అన్నీ దాని మీదనే. ఇతర కార్యాలయాలవారు తమ బల్లల మీది బ్రౌజరులో నుండి దానిని వాడుకొనేవారు. అందులో డెబియన్ 5, అనగా "లెన్నీ" అనే లినక్సు ఉండేది. దానికి భద్రతా సవరణలు ఇవ్వడం 2012 ఫిబ్రవరితోనే ఆగిపోయినది. కొత్తది వేయరాదా అని మీరు అడుగుతారు. వేయవచ్చును. అయితే బిల్లుల ప్రోగ్రామును వ్రాసినాయన విరమించి వెళ్ళిపోయినారు. అది ఏ ఏ పాత గ్రంథాలయ ఫైళ్ళ మీద ఆధారపడి నడుస్తున్నదో తెలిసినవారు మిగలలేదు. కొత్త లినక్సు వేసిన మరునాడు బిల్లులు ఆగిపోతే పెన్షనర్లకు ఎవరు సమాధానం చెప్పాలి? మన వంటి సంస్థలలో ఇటువంటి యంత్రం లేని కార్యాలయం ఉన్నదంటే మేము నమ్మము.

2014 సెప్టెంబరు 24, బుధవారం. మహాలయ అమావాస్య వెళ్ళిన మరుసటి రోజు. ఆనాటి ఉదయమే మంగళయాన్ అంగారకుని కక్ష్యలో ప్రవేశించినది. మరునాటి పత్రికల మొదటి పుటలన్నీ ఆ వార్తతోనే నిండినవి. అదే సాయంత్రం, మన గడియారం ప్రకారం ఏడున్నర గంటల ప్రాంతంలో, బాష్ అనే షెల్లులో పెద్ద లోపం ఉన్నదని ప్రపంచానికి ప్రకటించినారు. దానికే తరువాత "షెల్‌షాక్" అని పేరు వచ్చినది.

షెల్లు అనగా ఏమిటో రెండు మాటలలో చెబుతాము. నల్లని తెర మీద మనము కమాండు టైపు చేసినప్పుడు దానిని చదివి, అర్థం చేసికొని, పని జరిపించే ప్రోగ్రామే షెల్లు. మనిషి టైపు చేయకపోయినా లోపల ఎన్నో ప్రోగ్రాములు దాని చేత పనులు చేయించుకొంటూనే ఉంటాయి. బాష్‌ను గ్నూ ప్రాజెక్టు కోసం బ్రయన్ ఫాక్స్ వ్రాసినారు. 1989లో అది బయటికి వచ్చినది. తరువాత దాని పోషణ భారం అమెరికాలో క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో పనిచేసే చెట్ రామీ మీద పడినది. లోకంలో ఎన్నో యంత్రాలు ఆధారపడే ప్రోగ్రామును ఒక మనిషి తన తీరిక వేళలలో చూచుకొంటున్నాడంటే చాలామంది విస్తుపోతారు.

లోపం ఎక్కడున్నదంటే, బాష్ తాను పుట్టించే మరొక బాష్‌కు కొన్ని ఫంక్షనులను అందించగలదు. వాటిని ఎన్విరాన్మెంట్ వేరియబుల్ అనే చీటీలో వ్రాసి పంపుతుంది. కొత్త బాష్ లేవగానే, ఏ చీటీ () { అనే గుర్తులతో మొదలవుతుందో దానిని ఫంక్షనుగా చదువుకొంటుంది. చదవడం వరకు సరే. ఫంక్షను ముగిసిన తరువాత ఆ చీటీలో ఇంకేమైనా వ్రాసి ఉంటే, దానిని కూడ కమాండుగా భావించి అమలు చేసేది! వెబ్ సర్వరు, బయటివారు పంపిన వివరాలను ఇటువంటి చీటీలలోనే వ్రాసి లోపలి ప్రోగ్రాములకు అందిస్తుంది. కనుక బయట కూర్చున్న అపరిచితుడు ఒక్క వాక్యం పంపి, మన యంత్రం చేత తన పని చేయించుకొనవచ్చును. 1989 నాటి నుండి బాష్‌లో ఉన్న ఈ లోపాన్ని స్టెఫాన్ షాజెలాస్ అనే యునిక్సు నిపుణుడు కనుగొని, సెప్టెంబరు 12న చెట్ రామీకి గుట్టుగా తెలిపినారు. బహిరంగమైన కొన్ని గంటలలోనే దానిని దుర్వినియోగం చేసే ప్రయత్నాలు మొదలైనవి.

డెబియన్ 6 నుండి యంత్రం లోపలి పనులకు బాష్‌ను గాక డాష్ అనే చిన్న షెల్లును వాడుతున్నారు. ఆ యంత్రాలకు ముప్పు కొంత తక్కువ. మాది 5. అందులో అన్నిటికీ బాషే. గురువారం ఉదయం వార్త తెలియగానే మేము యంత్రానికి ఉన్న నెట్‌వర్కు కేబులు లాగివేసినాము. పది గంటలకు ఫోనులు మొదలైనవి. సోమవారానికి పూజ అడ్వాన్సు జాబితా సిద్ధం కావలసి ఉన్నది, మంగళవారం షష్ఠి. ఇతర కార్యాలయాలవారు పేర్లు చేర్చవలసి ఉన్నది. కేబులు ఎప్పుడు పెడతారని అందరిదీ ఒకే ప్రశ్న.

ఇక ప్యాచ్ సంగతి. ప్రోగ్రామును వ్రాసి పోషించేవారిని ఎగువవారని, దానిని తీసికొని తమ పద్ధతికి అనుగుణంగా ప్యాకేజీ కట్టి మనకు అందించేవారిని దిగువవారని అంటారు. ఖరగ్‌పూర్‌కు, మేదినీపూర్‌కు నడుమ పారే కంసావతికి ఎగువ దిగువలున్నట్లే. ఎగువన చెట్ రామీ, దాని దిగువన డెబియన్, దానికింకా దిగువన డెబియన్‌పై కట్టిన ఇతర లినక్సులు. మన దేశపు సీ-డాక్ సంస్థవారి "బాస్" లినక్సు కూడ డెబియన్ ఆధారంగా నిర్మించినదే. సాధారణంగా ఎగువన జరిగిన సవరణ ఈ వరుసలో మన దాకా దానంతట అదే వస్తుంది. మా యంత్రానికి మాత్రం నడిమి కాలువ ఎండిపోయినది. ఎగువ నుండి మేమే కావిడి మోసి తెచ్చుకొనవలసి వచ్చినది.

చెట్ రామీ చేసిన మంచిపని ఏమంటే, సవరణను సరికొత్త 4.3కు మాత్రమే ఇచ్చి ఊరుకొనక, 3.0 వరకు వెనుకకు వెళ్ళి ప్రతి పాత రూపానికీ విడివిడిగా వ్రాసి ఇచ్చినారు. 4.3కు అది 25వ ప్యాచ్. 4.2కు 48వది. మా యంత్రంలోని 3.2కు 52వది. లెన్నీలో ఉన్నది 3.2.39. ఈ చివరి అంకె ఎన్నవ ప్యాచ్ దాకా చేరినదో తెలుపుతుంది. అనగా మా ప్యాకేజీ 39 వద్ద ఆగి ఉన్నది. 52ను మాత్రమే తెచ్చి అతికిస్తే అతుకుతుందా?

అతుకదు. రైల్వే పట్టణంలో ఉన్నవారికి ఇది వివరించడం తేలిక. రైల్వేలో జనరల్ రూల్సు పుస్తకం ఉన్నది, 1976 నాటిది. రూలు మారినప్పుడు పుస్తకం మొత్తం తిరిగి అచ్చు వేయరు. నంబరు వేసి కరెక్షన్ స్లిప్పు పంపుతారు. ఉద్యోగి దానిని పుస్తకంలో తగినచోట అంటించుకొంటాడు. బాబాయిగారి పుస్తకం అటువంటి స్లిప్పులతో రెండింతలు లావెక్కి ఉన్నది. నాలుగవ స్లిప్పు "మూడవ స్లిప్పులో చెప్పిన పంక్తి బదులు" అని మొదలైతే, మూడవది అంటించనివాడు ఏ పంక్తి బదులు ఏమి చదువుకొంటాడు?

ప్యాచ్ కూడ అంతే. అందులో తీసివేయవలసిన పంక్తులు, చేర్చవలసిన పంక్తులు, వాటికి పైన కింద కొన్ని పాత పంక్తులు గుర్తుకోసం ఉంటాయి. లారీ వాల్ 1985లో వ్రాసిన "ప్యాచ్" అనే ప్రోగ్రాము ఆ గుర్తులను పట్టుకొని చోటు వెదకి అంటిస్తుంది. గుర్తులు కనబడకుంటే అంటించక, తిరస్కరించిన భాగాన్ని వేరే ఫైలులో పడవేస్తుంది. పైగా బాష్ ప్యాచ్ ప్రతిదీ తన నంబరును ఒక చిన్న ఫైలులో దిద్దుతుంది. 51 అని ఉన్నచోట 52 అని. అక్కడ 39 ఉంటే ఆ దిద్దుబాటు చెల్లదు. అందుచేత 40 నుండి 51 వరకు పన్నెండు ప్యాచులను ముందు వరుసగా అంటించినాము. ప్రతి ప్యాచ్‌తోపాటు కర్త సంతకపు ఫైలు విడిగా వస్తుంది. దానిని సరిచూడకుండ అంటించరాదు. ఫైలు పేర్ల ముందు ఎన్ని మెట్లు విడిచిపెట్టాలో చెప్పే అంకె ఒకటున్నది. బాష్‌కు అది సున్న. ఒకటి అని పెట్టి అరగంట తలపట్టుకొన్నాము. డెబియన్‌వారు తమ అవసరానికి చేర్చుకొన్న మార్పులు కొన్ని ముందే ఉండడం వల్ల రెండు మూడు చోట్ల పంక్తులు కిందికి జరిగి ఉన్నవి. అటువంటిచోట ప్యాచ్ ప్రోగ్రాము తానే సర్దుకొని "ఇన్ని పంక్తుల దూరంలో అంటించితిని" అని తెలుపుతుంది. ఆ మాటను తేలికగా తీసికొనక, ఆ చోటు తెరచి కంటితో చూడాలి.

ప్యాకేజీ కట్టిన తరువాత దానిని వేయడంలో ఒక జాగ్రత్త. షెల్లు పాడైతే యంత్రంలోకి లాగిన్ కావడమే కుదరదు. లెన్నీలో అయితే యంత్రం లేవడం కూడ కష్టం. కనుక వేరొక షెల్లుతో రూట్ లాగిన్ ఒకటి తెరచి ఉంచుకొని, పాత ప్యాకేజీ ఫైలును దగ్గర పెట్టుకొని, అప్పుడు కొత్తది వేసినాము. శుక్రవారం రాత్రి పరీక్ష చేసినాము. చీటీలో ఫంక్షను, దాని వెనుక "వల్నరబుల్" అని అచ్చు వేసే కమాండు పెట్టి బాష్‌ను లేపితే, ఆ మాట అచ్చు కాలేదు. "ఫంక్షను నిర్వచన ప్రయత్నాన్ని విడిచిపెడుతున్నాను" అని హెచ్చరిక మాత్రం వచ్చినది. సంతోషించినాము. రిజిస్టరులో "52వ ప్యాచ్ చేర్చడమైనది, లోపం తొలగినది" అని వ్రాసి సంతకం చేసి, కేబులు పెట్టి, ఇంటికి వెళ్ళినాము.

శనివారం ఉదయం బాబాయిగారు కాఫీకి పిలిచినారు. రాత్రి ఆలస్యంగా వచ్చిన కారణం అడిగితే ఆయన భాషలోనే చెప్పినాము, స్లిప్పు అంటించి వచ్చామని. ఆయన నవ్వి, "ఏటి బాబూ, ఒక్క స్లిప్పు అంటించీసి సంతకం ఎట్టీసినారా? ఎనకాల ఇంకో స్లిప్పు రాదని ఎవులు సెప్పినారు? తొందర్లో రాసిన స్లిప్పుకి ఎప్పుడూ ఇంకో స్లిప్పు ఉంటాది" అన్నారు.

ఆ మాట మనసులో పడి కార్యాలయానికి వెళ్ళి చూచినాము. నిజమే. మొదటి సవరణ వెలువడిన నాడే గూగుల్‌లో పనిచేసే టావిస్ ఆర్మండీ దానిని తప్పించుకొనే మార్గం కనిపెట్టి బయటపెట్టినారు. ఆయన చెప్పిన పరీక్ష మా యంత్రం మీద నడిపినాము. "ఎకో" అనే పేరుతో ఒక ఫైలు ప్రత్యక్షమైనది. తెరచి చూస్తే అందులో ఆనాటి తేది! మేము ఏ ఫైలును పుట్టించమని చెప్పలేదు. లోపం తొలగినదని సంతకం చేసిన యంత్రం, రాత్రంతా తలుపు తెరచుకొని కూర్చున్నది. అప్పటికప్పుడు కేబులు మళ్ళీ లాగినాము. సర్వరు చిట్టాలన్నీ వరుసగా చదివినాము. అదృష్టవశాత్తు అనుమానించదగినది ఏదీ కనబడలేదు. అదృష్టమనే చెబుతున్నాము, అందులో మా ప్రజ్ఞ ఏమీ లేదు.

53వ ప్యాచ్ అప్పటికే వచ్చి ఉన్నది. దాని అసలు మార్పు రెండు మూడు పంక్తులకు మించదు. అంటించినాము. ఆదివారం 54వది. మిగిలిన వాటికంటె ఇదే ముఖ్యమని మా అభిప్రాయం. 52, 53 గోడలోని కన్నాలను పూడ్చినవి. 54 తలుపునే మార్చినది. రెడ్‌హ్యాట్‌కు చెందిన ఫ్లోరియన్ వైమర్ ఆలోచన ఇది. ఏ చీటీ పడితే ఆ చీటీని ఫంక్షనుగా చదవడం మాని, "బాష్ ఫంక్" అనే ముందుమాట, చివర ప్రత్యేకమైన గుర్తు ఉన్న పేరు గల చీటీనే చదవాలి. బయటివాడు పంపే చీటీకి అటువంటి పేరు రాదు. కనుక చదివే యంత్రాంగంలో ఇంకా ఏ లోపాలున్నా బయటివాని చేతికి అందవు. అనుకొన్నట్లే మైఖేల్ జలెవ్‌స్కీ మరి రెండు లోపాలు కనిపెట్టినప్పుడు, ఈ సవరణ చేసికొన్నవారికి వాటి వల్ల బయటి నుండి ముప్పు లేకపోయినది.

ఇక్కడే ఎగువ దిగువల తగవు ఒకటి వచ్చినది. పేరు చివరి గుర్తుగా చెట్ రామీ %% అని పెట్టినారు. రెడ్‌హ్యాట్‌వారు అప్పటికే () అని పెట్టి పంపిణీ చేసినారు. దానితో కొన్నాళ్ళ పాటు, ఒక యంత్రం పంపిన ఫంక్షను చీటీని పక్క యంత్రం గుర్తించక తప్పులు చూపినది. పెద్ద పెద్ద గణన కేంద్రాలలో, పని ఒక యంత్రం నుండి ఇంకొక యంత్రానికి వెళ్ళేచోట, ఈ బెడద ఎక్కువగా కనిపించినది.

దాని చిన్న తమ్ముడు మా ఇంటికీ వచ్చినాడు. జాబితా అచ్చు వేసే స్క్రిప్టును రాత్రి రెండు గంటలకు నడిపించమని మా సహోద్యోగి ఆదివారం సాయంత్రం "ఆట్" అనే ప్రోగ్రాముకు అప్పగించినారు. ఆట్ ఏమి చేస్తుందంటే, అప్పగించిన క్షణంలో ఉన్న చీటీలన్నిటినీ నకలు వ్రాసి ఉంచి, పని వేళకు తిరిగి చదివిస్తుంది. మా స్క్రిప్టుకు కావలసిన ఫంక్షను ఒకటి చీటీ రూపంలోనే వెళ్ళేది. కొత్త పేరులోని శాతపు గుర్తులను చూచి షెల్లు ఇది చెల్లని పేరన్నది. ఫంక్షను అందలేదు. సోమవారం ఉదయం ప్రింటరు ట్రేలో తెల్లకాగితాలు తప్ప మరేమీ లేవు. ఎగువవారి తప్పు కాదది. డెబియన్‌వారు కూడ తరువాత ఆట్ ప్రోగ్రామునే సవరించి, వింత గుర్తులున్న పేర్లను నకలు వ్రాయకుండ చేసినారు. మేము మాత్రం ఆ ఫంక్షనును ఒక ఫైలులో వ్రాసి, స్క్రిప్టు దానిని నేరుగా చదువుకొనేటట్లు మార్చినాము. మధ్యాహ్నం పన్నెండు గంటలకు జాబితా అచ్చయినది. షష్ఠి నాటికి అడ్వాన్సు అందరికీ అందినది. ఎవరికీ సంగతి తెలియదు, మేనేజరుగారికి తప్ప.

అక్టోబరు మొదటి వారం గడిచేసరికి వరుస 57 దాకా వచ్చినది. 3.2కు అదే చివరిది. ఆపిల్ కంపెనీవారు మాక్ యంత్రాలలో పెట్టి పంపిన బాష్ కూడ ఏళ్ళ తరబడి అదే 3.2.57.

ఇది చదివి తమ యంత్రం సంగతి చూచుకొనదలచిన పాఠకులకు ఒక హెచ్చరిక. బాష్‌ను రూపాంతరం అడిగితే మూడు అంకెలు చెబుతుంది. 2023లో వచ్చిన డెబియన్ 12లో 5.2.15. 2025లో వచ్చిన డెబియన్ 13లో 5.2.37. మూడవ అంకెను స్లిప్పుల లెక్కగా చదువుకొనవచ్చును. అయితే ఆ అంకెనే నమ్మి తీర్పు చెప్పరాదు. రెడ్‌హ్యాట్ 7లో బాష్ చివరి వరకూ 4.2.46 అనే చెప్పేది. షెల్‌షాక్ సవరణ 4.2కు 48వది గదా, కాబట్టి లేదనుకొంటే పొరపాటు. వారు అంకె మార్చకుండ ఆ సవరణను తమ పద్ధతిలో చేర్చుకొన్నారు. చూడవలసినది ప్యాకేజీతోపాటు వచ్చే మార్పుల చిట్టా. దాని తరువాత, పరీక్ష నడిపి స్వయంగా చూచుకొనడం.

ఆ యంత్రాన్ని తరువాత తీసివేసినారు. బిల్లుల ప్రోగ్రామును కొత్తగా వ్రాయించినారు. రిజిస్టరు మాత్రం అలమారులో ఉన్నది. 40 నుండి 57 వరకు వరుసగా పద్దులున్నవి. 52 ఎదుట "లోపం తొలగినది" అన్న మాటలు కొట్టివేసి, పక్కన శనివారపు తేదితో మా సంతకం మళ్ళీ ఉన్నది.

ప్రింటరు రంగులు చెదిరిపోతున్నవని ఇద్దరు పాఠకులు వ్రాసినారు. వారికి వచ్చే సంచికలో.